‘బీడీ మానుకో’ అంటే ఎవరూ మానరు.. మరి ఏమనాలె?

బాపును దవాఖానకు తోల్కపోయిన రోజు ఇంకా యాదికున్నది. బీపీ 170 దాటింది. డాక్టర్ సారు తల ఎత్తకుండ చీటీ రాసుకుంటనే, “బీడీ మానకపోతే పక్షవాతం వస్తది, మంచాన వడ్తవ్” అన్నడు. బాపు “సరే సార్” అన్నడు. పక్కన నిలవడ్డ నేను గూడ అందుకొని నాలుగు మాటలన్న. దానికీ తలూపిండు. గేటు దాటినమో లేదో జేబులకెల్లి బీడీ కట్ట తీసిండు.

“ఇప్పుడే గదా బాపు చెప్పిండ్రు!” అంటే, “నాకు తెల్వదా?” అన్నడు.

నిజమే, ఆయనకు తెలుసు. సిగరెట్ డబ్బా మీద పుండ్ల బొమ్మ చూడకుండ ఎవలన్న తాగుతున్నరా? షుగరున్న అవ్వకు లడ్డు తినొద్దని తెల్వదా? తెలిసినోళ్లకే మనం మళ్ల మళ్ల చెప్తున్నం. ఇనకపోతే గొంతు పెంచి చెప్తున్నం.

అలవాటు ఉన్న మనిషి లోపల రెండు మాటలు ఉంటయ్. మానాలె అని ఒకటి, ఇప్పుడే ఎందుకులే అని ఇంకొకటి. మనం పోయి ‘మాను’ అనే పక్క పట్టుకుంటే, ఆయనకు మిగిలేది ‘తాగుత’ అనే పక్కనే. “మా తాత చుట్ట తాగుకుంటనే తొంభై ఏండ్లు బతికిండు” అని వాదనకు దిగుతడు. చెప్పిన కొద్ది ఆ మాట మీద ఆయనకే నమ్మకం గట్టివడ్తది. అంటే, మన తిట్లతోని మనమే బీడీకి వకీలును తయారు చేస్తున్నమన్నట్టు.

ఈ ముచ్చటను పట్టుకున్నది అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్. తాగుడు అలవాటు ఉన్నోళ్లతోని పని చేసేటోడు. 1982ల నార్వేకు పోయినప్పుడు అక్కడి కుర్ర సైకాలజిస్టులు, “మీరు ఎట్ల మాట్లాడ్తరో చేసి చూపెట్టుండ్రి” అని అడిగిండ్రు. మధ్యల మధ్యల ఆపి, “ఈ ప్రశ్ననే ఎందుకు అడిగినవ్?” అని గుచ్చి గుచ్చి అడిగిండ్రు. ఆ జవాబులల్లకెల్లే 1983ల ఒక వ్యాసం వచ్చింది. ఆ తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తోని కలిసి 1991ల పుస్తకం రాసిండు. దీని పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. పేరు చూసి యూట్యూబ్‌ల ‘లే, మేలుకో’ అని ఒర్రే మోటివేషన్ అనుకునేరు. ఇది దానికి పూరా ఉల్టా. ఇందుల కౌన్సిలర్ తక్కువ మాట్లాడ్తడు. మిల్లర్ బృందం 1993ల ఇంకో సంగతి గూడ బయటపెట్టింది: కౌన్సిలర్ ఎంత నిలదీసి మాట్లాడితే, ఏడాది తర్వాత ఆ మనిషి తాగుడు అంత ఎక్కువున్నది.

ఈ పద్ధతిని నేను పుస్తకంల కాదు, మా ఊరి పల్లె దవాఖానల చూసిన. కొత్తగొచ్చిన సిస్టర్ బాపుకు బీపీ చూసుకుంట, “మామా, బీడీ సంగతి కొంచెం మాట్లాడొచ్చా?” అన్నది.

“మాట్లాడు బిడ్డా, నువ్వు గూడ తిట్టు.”

“తిట్టను గని, తాగితే నీకేం మంచిగనిపిస్తది?”

బాపు బిత్తరపోయిండు. ఇన్నేండ్లల్ల ఎవ్వలూ అడగని ప్రశ్న. “పొద్దుగాల మోటరేసి గట్టు మీద కూసుంట సూడు, అప్పుడొక్కటి తాగితే పానం నిమ్మలమైతది.”

“అంటే, పనిల కొంచెం ఊపిరి తీసుకునే టైం అదే అన్నట్టు.”

“అవ్” అన్నడు. కొద్దిసేపాగి, “ఊపిరి అంటున్నవ్ గని బిడ్డా, ఈ నడుమ అదే ఆడ్తలేదు. గట్టెక్కితే ఆయాసం” అన్నడు.

ఆ మాట మాకెవ్వలికి ఇంట్ల చెప్పలే. చెప్తే మేం మీదవడ్తమని ఆయనకు తెలుసు.

సిస్టర్ మళ్లడిగింది: “సున్నా నుంచి 10 దాకా లెక్కేస్తే, మానాలని నీకు ఎంతున్నది?” బాపు “4 ఏసుకో” అన్నడు. నేనైతే “నాలుగేనా?” అని ఎగిరేటోన్ని. ఆమె, “1 అనకుంట 4 ఎందుకన్నవ్ మామా?” అన్నది. “మనుమరాలు వాసనొస్తదని దగ్గరికి వస్తలేదు” అన్నడు బాపు.

ఇక్కడ కిటుకు చూడుండ్రి. ‘8 ఎందుకు కాదు’ అంటే మానకపోవుడుకు సాకులు చెప్తడు. ‘1 ఎందుకు కాదు’ అంటే మానుటానికి కారణాలు ఆయనే ఎతుక్కుంటడు. మనం చెప్పిన వంద కారణాల కన్న ఆయన నోటికెల్లి ఒచ్చిన ఒక్కటి బలమైనది.

గోలీల ముచ్చట గూడ ఆమె అడిగే చెప్పింది: “ఒక సంగతి చెప్పాల్నా మామా?” బాపు తల నొచ్చినప్పుడే బీపీ గోలీ వేసుకునేటోడు. “బీపీ నొప్పి లేకుంటనే లోపల నరాలను ఖరాబు చేస్తది. ఇది ఇన్నంక నీకేమనిపిస్తున్నది?” అని ఊకున్నది. అంతా కలిపి పది నిమిషాలు గూడ పట్టలే.

బాపు బీడీ మానిండని చెప్తే అబద్ధమైతది. లేవంగనే తాగేది బందు వెట్టిండు. రోజుకో కట్ట పోయి ఐదారుకొచ్చింది. గోలీ రోజూ వేసుకుంటుండు. నడుమ ఒక దినాలల్ల పాత దోస్తులు కలిసి మళ్ల కట్ట కాల్చిండు. సిస్టర్ కోపం చేయలే, “అన్ని దినాలు ఎట్ల ఆపగలిగినవ్ మామా?” అని అడిగింది.

నా బాధ ఏందంటే, ఇది సిస్టర్ మంచితనం మీద నడుస్తున్నది. 30 ఏండ్లు దాటినోళ్ల ఇంటికి ఆశా అక్క సీబ్యాక్ ఫారం తెస్తది. పొగాకు వాడ్తరా, మందు తాగుతరా, నడుము కొలత ఎంత అని టిక్కులు పెట్టుకొని పోతది. ‘రోజూ తాగుత’ అన్న కాడ ముచ్చట మొదలు కావాలె గని, అక్కడనే అయిపోతున్నది. ఆమె తప్పు కాదు. ఆమె మీదున్న లెక్క ఫారాలది, ముచ్చట్లది కాదు.

ఒక జాగ్రత్త. రోజూ మస్తుగ మందు తాగేటోళ్లను, కల్తీ కల్లుకు అలవాటు వడ్డోళ్లను ఒక్కసారే మానుమని ఒత్తిడి చేయొద్దు. ఆ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం కలుపుతరు. దిడీల్న ఆపితే ఫిట్స్ వస్తయ్, పిచ్చి పిచ్చిగ మాట్లాడ్తరు, పానం మీదికి గూడ వస్తది. డాక్టర్‌ను అడిగే ఆపాలె. బీడీ, గుట్కా, సిగరెట్ సంగతైతే 1800-11-2356కు ఫోన్ చేయొచ్చు, పైసలు పడయ్.

ఇంట్ల మీరు గూడ ఒకసారి చేసి చూడుండ్రి. తాగి ఉన్నప్పుడు, నలుగురి ముంగట వద్దు. ఇద్దరే ఉన్నప్పుడు, పొలం కాడ, బండి మీద పోయేటప్పుడు అడుగుండ్రి. అడిగినంక ఊకునుడే మస్తు కష్టం. నాకైతే ఇంకా పూరా చాతనైత లేదు. మొన్న బాపును, “ఇప్పుడెంత?” అన్న. “6 ఏసుకో” అన్నడు. ‘8 ఎందుకు కాదే’ అని నోటిదాక వచ్చింది. మింగిన.