అండమాన్ పడవ యాత్ర: ఏ పల్లెకు వెళ్లవచ్చు, ఏ తీరానికి దూరంగా ఉండాలి?

కాసిడీహ్ (జంషెడ్‌పూర్): ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా కాసిడీహ్‌లోని ఒక కుటుంబం సెలవుల్లో ద్వీపయాత్ర తలపెడితే అండమాన్ అందని గమ్యమేమీ కాదు. టాటానగర్‌లో రైలెక్కి హౌరా చేరితే, కోల్‌కతా నుంచి విమానంలో రెండు గంటలకు కాస్త పైగా పడుతుంది. ఓడలోనైతే మూడు, నాలుగు రోజులు. చేరే ఊరు పోర్ట్‌బ్లెయిర్. 2024 సెప్టెంబరులో దాని పేరును శ్రీ విజయపురంగా మార్చారు.

తెరచాప పడవ, పగడపు దిబ్బలు, గ్రామ సందర్శన: ద్వీపయాత్ర అనగానే వినిపించే మాటలివి. మొదటిది అండమాన్‌లో చాలావరకు ఊహే. ఎక్కువమంది ప్రభుత్వ పడవల్లో, ప్రైవేటు కాటమరాన్లలో ప్రయాణిస్తారు. (తమిళ ‘కట్టుమరం’ ఇంగ్లిషు మీదుగా తిరిగివచ్చిన రూపమే ‘కాటమరాన్’.) శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీప్ సుమారు 40 కిలోమీటర్లు, 2018 చివరి వరకు దాని పేరు హావ్‌లాక్. మే నుంచి నైరుతి రుతుపవనాల కాలంలో సముద్రం అల్లకల్లోలమై పడవలు రద్దవుతుంటాయి. తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం వివేకం.

స్నార్కెలింగ్‌కు పెద్దగా ఈత రానక్కరలేదు. కళ్లకు అద్దం, నోటికి గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్ ఉంటే గైడు వెంట తేలుతూ పగడాలను చూడవచ్చు. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. దాని కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలే రంగునూ, ఆహారంలో అధిక భాగాన్నీ ఇస్తాయి. నీరు వేడెక్కితే పగడం వాటిని వెళ్లగొట్టి తెల్లబారుతుంది. 2010లో అండమాన్ తీరాల్లో జరిగింది ఇదే. అప్పటికే బలహీనపడిన దిబ్బపై కాలు మోపినా, రెక్కల చెప్పులతో ఇసుక రేపినా నష్టమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. ఒక ముక్కను సంచిలో వేసుకురావడం నేరం. వండూరు సమీపంలోని మహాత్మా గాంధీ సాగర జాతీయ ఉద్యానవనం 1983లో ఏర్పడింది. అందులోని జాలీ బాయ్ ద్వీపానికి ప్లాస్టిక్‌ను అనుమతించరు.

అసలు చిక్కు గ్రామ సందర్శనతో వస్తుంది. స్వరాజ్ ద్వీప్‌లోని గోవిందనగర్, షహీద్ ద్వీప్‌లోని సీతాపూర్, లక్ష్మణ్‌పూర్ వంటివి దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు స్థిరపడిన పల్లెలు. కూరగాయల తోటలు, కొబ్బరి, పోక చెట్ల మధ్య అతిథులను చూడటానికి అక్కడివారు అలవాటు పడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపసముదాయంలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీ విజయపురం బజారులో ఉత్తరాంధ్ర యాస వినిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు.

జారవాలు, సెంటినలీలు, ఓంగేలు, షోంపెన్‌ల సంగతి పూర్తిగా వేరు. ఆదివాసీ తెగల రక్షణకై 1956లో చేసిన నిబంధనల కింద వారి అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లరాదు. బయటివారి నుంచి సోకే వ్యాధులు వారికి ప్రాణాంతకం కాగలవు. 1999లో జారవాల మధ్య తట్టు ప్రబలింది. తిండి ఆశ చూపి జారవా స్త్రీలను ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశాన్ని కలవరపరిచింది. వారిని ‘చూడటానికి’ వెళ్లడాన్ని గ్రామ సందర్శన అనలేం. పిలిచినవారు ఎవరూ లేరు.

ఇక్కడ జార్ఖండ్ యాత్రికునికి ఒక ఇరకాటం ఉంది. 1918 నుంచి అటవీ పనుల కోసం ఛోటానాగ్‌పూర్ పీఠభూమి నుంచి ఉరావ్, ముండా, ఖడియా కూలీలను అండమాన్‌కు తరలించారు. వారి సంతతిని అక్కడ నేటికీ ‘రాంచీవాలాలు’ అంటారు. వారు ఎక్కువగా ఉండే చోట్లలో బారాతంగ్ ఒకటి. శ్రీ విజయపురం నుంచి అక్కడికి వెళ్లే రహదారి జారవా అభయారణ్యం గుండానే సాగుతుంది. జిర్కాతంగ్ వద్ద వాహనాలను ఒక్క వరుసగా కట్టి పంపుతారు. ఆగడం, ఫొటో తీయడం నిషేధం. పర్యాటకులకు ప్రత్యామ్నాయ జలమార్గం కల్పిస్తామని పాలనా యంత్రాంగం 2013లో సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కాబట్టి బారాతంగ్‌కు పడవ ఉందేమో ముందుగా విచారించుకోవాలి. ఉంటే మడ అడవుల పక్కగా, ఏ అభయారణ్యంలోనూ అడుగుపెట్టకుండా చేరవచ్చు. దిగాక వినిపించే సాద్రీ మాటలు జంషెడ్‌పూర్‌వారికి పరిచితమైనవే.