ఎండ వండే విషం

నెల్లూరు ఎండలు మనకు కొత్తేమీ కాదు. ఆ ఎండలోనే డాబా మీద వడియాలు పెడతాం, మిరపకాయలు ఎండబెడతాం. అయితే ఆ ఎండ వడదెబ్బతోపాటు గాలిలో ఇంకో కీడును కూడా తయారుచేస్తుంది. దాని పేరు ఓజోన్.

"ఓజోన్ మంచిదే కదా, ఆకాశంలో మనకు గొడుగు పడుతుందంటారే!" అని మీరడగవచ్చు. నిజమే. ఎంతో ఎత్తున ఉన్న ఓజోన్ సూర్యుడి అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. అదే వాయువు మనం పీల్చే గాలిలో చేరితే దగ్గు, గొంతు మంట, ఛాతీ బిగదీయడం వస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీ ప్రమాదం. ఉప్పు కూరలో రుచి, కంట్లో మంట. ఇదీ అంతే.

విచిత్రమేమిటంటే ఇది నేరుగా ఏ పొగగొట్టంలోంచీ రాదు. దీని వంటకు రెండు దినుసులు కావాలి. ఒకటి, వాహనాలూ, బొగ్గు విద్యుత్ కేంద్రాలూ, చెత్త మంటలూ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు. రెండోది పెట్రోలు, పెయింటు, వార్నీషుల ఆవిర్లు. పొయ్యి సూర్యుడు. అందుకే పొద్దున వదిలిన పొగ మధ్యాహ్నానికి ఓజోన్‌గా తయారవుతుంది.

మన తీరాన కృష్ణపట్నం రేవు ఉంది, నేలటూరు థర్మల్ కేంద్రం ఉంది, హైవే మీద లారీలు సరేసరి. తీరప్రాంతాల్లో రాత్రి గాలి సముద్రం మీదికి తీసుకుపోయిన పొగను పగటిపూట సముద్రపు గాలి వెనక్కి తేవచ్చు. కాబట్టి గాలి చల్లగా తగిలిందని శుభ్రంగా ఉందనుకోకూడదు. 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైనప్పుడు గాలి బాగుపడవలసిన నగరాల జాబితాలో నెల్లూరు కూడా చేరింది. అది ముఖ్యంగా దుమ్మును లెక్కించి చేర్చినదే. కానీ దుమ్మును, ఓజోన్ దినుసులను వదిలే మూలాలు చాలావరకు ఒకటే.

మరి మనమేం చేయగలం? ఎండుటాకులు, ప్లాస్టిక్ తగలబెట్టకండి. ఆకులను గుంటలో వేస్తే మొక్కలకు ఎరువవుతుంది. బండికి పెట్రోలు పొద్దుగూకాక పోయించమనండి. దగ్గర బజారుకు నడిచి వెళ్లండి. ఇంటికి రంగులు వేయించే పని ఎండలు తగ్గాక పెట్టుకోండి. వడియాలు పొద్దున్నే పెట్టి, సాయంత్రం తీసుకోండి. మధ్యాహ్నం పిల్లలను ఆటలకు పంపకండి, తలుపులు వేసి ఉంచండి. మూతికి గుడ్డ కట్టుకుంటే దుమ్ము కొంత ఆగుతుందేమో గానీ, ఓజోన్ ఆగదు. గాలి శుభ్రం చేస్తుందని ఓజోన్ వదిలే యంత్రాలు అమ్ముతారు, వాటిని ఇంట్లో పెట్టకండి. పిల్లలకు ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

థర్మల్ కేంద్రాల పొగ మన ఒక్కరి చేతిలో లేదు. దాన్ని తగ్గించమని అడగడం మన హక్కు. పొయ్యి అయిన సూర్యుణ్ణి ఎలాగూ ఆర్పలేం. మన వంతు దినుసులనైనా తగ్గిద్దాం.