ఫుట్‌బాల్ ఆటగాళ్ల బరువు, స్టెరాయిడ్ మందులు: తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

ఉబ్బసానికీ బీపీకీ మా ఆసుపత్రిలో చూపించుకునే ఒక మామ్మగారు ఈ మధ్య ఓపీలో మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఆమె కూతురు, అల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉంటారు. పదహారేళ్ల మనవడు అక్కడి హైస్కూలు ఫుట్‌బాల్ జట్టులో చేరాడు. "వచ్చే సీజను నాటికి ఇంకో పదిహేను కిలోలు పెరగాలని వాళ్ల కోచ్ చెప్పాడట. నన్నేమో మీరు బరువు తగ్గమంటారు, వాణ్ణేమో అక్కడ పెరగమంటున్నారు. తోటి పిల్లలెవరో స్టెరాయిడ్ తీసుకుంటున్నారని విన్నప్పటి నుంచి మా అమ్మాయికి నిద్ర లేదు. అసలు ఏమిటండీ ఈ స్టెరాయిడ్?" అన్నారు. మేము జవాబు చెప్పేలోగానే ఇంకో మాట కలిపారు: "మీరు రాసిచ్చిన పఫ్‌లో కూడా స్టెరాయిడే ఉందని పక్కింటావిడ చెప్పింది. నెల నుంచి మానేశాను."

నిజం చెప్పాలంటే ఆ రెండో మాటకే మేము ఎక్కువ కంగారు పడ్డాము. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

స్టెరాయిడ్ అన్నది ఒక్క మందు పేరు కాదు, ఒక పెద్ద కుటుంబం పేరు. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే పదార్థాన్ని తయారు చేస్తాయి. ప్రెడ్నిసోలోన్ మాత్రలు, డెక్సామెథాసోన్ ఇంజెక్షన్, ఉబ్బసం పఫ్‌లో ఉండే బుడెసొనైడ్, ఇవన్నీ ఆ కార్టిసాల్ జాతివి. వాపును తగ్గించడం వీటి పని. 2020లో కోవిడ్‌తో ఆక్సిజన్ మీద ఉన్న రోగుల ప్రాణాలు కాపాడింది ఈ డెక్సామెథాసోనే. ఎక్కువ కాలం మాత్రల రూపంలో వాడితే షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం వంటి ఇబ్బందులు ఉన్న మాట వాస్తవమే. అందుకే వైద్యులు కనిపెట్టుకుని ఉంటారు. పఫ్‌లో వెళ్లే మోతాదు చాలా తక్కువ, పీల్చిన తరువాత నోరు పుక్కిలిస్తే చాలు. వీటిని ఎవరి మాటో విని మానకండి. ముఖ్యంగా మాత్రలను ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఇవి కండలు పెంచే మందులు కావు. మాత్రలు ఎక్కువ కాలం వాడితే కండ కరుగుతుంది కూడా.

మనవడి విషయంలో భయపడవలసినది ఇదే కుటుంబంలోని వేరే శాఖ. దాన్ని అనబాలిక్ స్టెరాయిడ్ అంటారు. మగపిల్లలకు గొంతు మారి, గడ్డం వచ్చి, భుజాలు వెడల్పు కావడానికి కారణమైన టెస్టోస్టెరాన్ హార్మోనుకు ఇవి నకళ్లు. 1935లో ఈ హార్మోనును ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. వయసు వచ్చినా యౌవన లక్షణాలు రాని పిల్లలకు, కొన్ని రకాల రక్తహీనతకు, జబ్బుతో కండ హరించుకుపోయిన వారికి వైద్యులు ఈ జాతి మందులను వాడతారు. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి వీటితో పని లేదు.

మూడు వందల పౌండ్ల మనుషులు

మనకు ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో పిలిచేది వేరే ఆట. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, అడ్డు వచ్చినవారిని గుద్ది పడేస్తారు. బంతి ఉన్నవాడికి కోటగోడలా నిలబడే ఆటగాళ్లను లైన్‌మెన్ అంటారు. ఎదుటి జట్టువారు వచ్చి ఢీకొంటే ఆగాలి కాబట్టి వాళ్లకు బరువే పెట్టుబడి.

ఆ దేశపు పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 300 పౌండ్లు, అంటే 136 కిలోలు తూగే ఆటగాడు 1970లో ఒక్కడే ఉన్నాడు. మన ఇళ్లకు వచ్చే 25 కిలోల బియ్యం బస్తాలు అయిదున్నర అనుకోండి. 1980లో అలాంటివారు ముగ్గురు. 1985లో షికాగో జట్టులోకి 'రిఫ్రిజిరేటర్' అనే మారుపేరున్న విలియం పెర్రీ అనే భారీకాయుడు వస్తే జనం వింతగా చూశారు. కాని ఆ వింత ఎంతో కాలం నిలవలేదు. 1990కి ఆ బరువు వారు 94 మంది, 2000 నాటికి 301, 2009లో 394.

ఇంత మార్పు ఎలా వచ్చింది? స్టెరాయిడ్ కథ ఇందులో ఒక భాగం. 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే మాత్రను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. జాన్ జీగ్లర్ అనే వైద్యుడు బరువులెత్తేవారికి దాన్ని అలవాటు చేశాడు. తరువాత ఆయనే అందుకు బాధపడ్డాడు. 1963లో శాన్ డియాగో జట్టు శిక్షణ శిబిరంలో ఈ మాత్రలను భోజనాల బల్ల మీద గిన్నెల్లో పోసి ఉంచేవారని ఆనాటి ఆటగాళ్లు తరువాత చెప్పారు. మన భోజనాల్లో ఊరగాయ గిన్నె పెట్టినట్టు! ఆ ఏడాది ఆ జట్టే తన లీగులో విజేత అయింది. మిగిలినవారు ఏమి నేర్చుకుని ఉంటారో మీరే ఊహించండి.

ఇక్కడ మా వైద్యవృత్తి తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఈ మందుల వల్ల ఆటగాళ్లకు ప్రయోజనం ఉన్నట్టు రుజువు లేదని 1977లో అమెరికాలోని క్రీడావైద్యుల సంఘం ప్రకటించింది. ఆటగాళ్లు అద్దంలో తమ ఒళ్లు చూసుకుని, వైద్యులకు ఏమీ తెలియదనుకున్నారు. తరువాత "గుండెకు ప్రమాదం" అని చెబితే ఎవరు వింటారు? 1984లో ఆ సంఘం తన మాట సవరించుకుంది. 1996లో వెలువడిన ఒక ప్రయోగంలో, వ్యాయామం లేకుండా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మాత్రమే తీసుకున్నవారికి కూడా పది వారాల్లో సుమారు మూడు కిలోల కండ వచ్చింది. మందు లేకుండా వ్యాయామం చేసినవారికి వచ్చింది రెండు కిలోల లోపే. కనుక ఇది పనిచెయ్యదని మేము మీ పిల్లలకు చెప్పము. పనిచేస్తుంది. అందుకే ఆశ పుడుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ 1987లో స్టెరాయిడ్ పరీక్షలు మొదలుపెట్టి, 1989 నుంచి దొరికినవారిని ఆటకు దూరం పెట్టింది. 1990లో అమెరికా ప్రభుత్వం వీటిని నియంత్రిత మందుల జాబితాలో చేర్చే చట్టం చేసింది. కాని పై అంకెలను మళ్లీ చూడండి. భారీకాయుల సంఖ్య బాగా పెరిగింది పరీక్షలు వచ్చిన తరువాతే. అంటే నేరం అంతా మందు మీద వేయలేము. 1978లో లైన్‌మెన్ చేతులు చాచి ఎదుటివాణ్ణి ఆపవచ్చని నిబంధన మార్చారు. దానితో పొడవూ బరువూ ఉన్నవాడికి గిరాకీ పెరిగింది. బరువులెత్తే శిక్షణ, రోజంతా తినే తిండి, చిన్నప్పుడే పెద్ద ఒళ్లున్న పిల్లల్ని ఏరుకోవడం, అన్నీ కలిశాయి.

కోర్సన్ గుండె

స్టీవ్ కోర్సన్ పిట్స్‌బర్గ్ జట్టులో లైన్‌మన్. ఆ జట్టుతో రెండు సూపర్ బౌల్ విజయాలు చూశాడు. 1985లో ఆటలో ఉండగానే తాను స్టెరాయిడ్లు వాడానని ఒక పత్రికతో బహిరంగంగా చెప్పాడు. 1988లో, ఇంకా నలభై కూడా నిండకుండానే, గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు ఉన్నట్టు తేలింది. దాన్ని డైలేటెడ్ కార్డియోమయోపతి అంటారు. మామూలు గుండె పిడికిలిలా గట్టిగా ముడుచుకుంటుంది. ఈ జబ్బులో పాత రబ్బరు సంచిలా సాగిపోయి, రక్తాన్ని నెట్టలేక ఆయాసం, కాళ్ల వాపు తెస్తుంది. గుండె మార్పిడి కోసం ఎదురుచూసేవారి జాబితాలో ఆయన పేరు చేర్చారు.

స్టెరాయిడ్ల వల్లే ఇలా జరిగిందని ఒక్క మనిషి విషయంలో ఖచ్చితంగా చెప్పడం కష్టం. కాని ఈ మందులు దీర్ఘకాలం వాడినవారిలో గుండె గోడలు దళసరి కావడం, పంపు బలహీనపడటం, మంచి కొలెస్ట్రాల్ బాగా పడిపోవడం, రక్తం చిక్కబడి గడ్డలు కట్టడం వైద్యులు చూస్తూనే ఉన్నారు. కోర్సన్ బరువు తగ్గి, తిండి మార్చి, క్రమంగా వ్యాయామం చేసి కోలుకున్నాడు. మార్పిడి అవసరం లేకుండానే పోయింది. తరువాతి ఏళ్లలో విద్యార్థులకు ఈ మందుల గురించి చెబుతూ తిరిగాడు. 2005లో అమెరికా పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం చెప్పి, అదే ఏడాది నవంబరులో చెట్టు నరుకుతుండగా అది మీద పడి మరణించాడు.

లైల్ అల్జాడో అనే మరో ఆటగాడు 1969 నుంచి స్టెరాయిడ్లు వాడానని 1991లో చెప్పి, మరుసటి ఏడాది 43 ఏళ్ల వయసులో మెదడు క్యాన్సరుతో చనిపోయాడు. తన జబ్బుకు ఆ మందులే కారణమని ఆయన నమ్మాడు. అది ఇంతవరకు రుజువు కాలేదు కాబట్టి మేము ఆ మాట అనము. ఉన్న ప్రమాదాలే చాలు.

మందు లేకుండా బరువు మాత్రమే పెరిగినా గుండె దాన్ని లెక్కలో వేసుకుంటుంది. ఆ బరువు కండదా కొవ్వుదా అన్నదాన్ని బట్టి తేడా ఉన్నా, మోసే పని తప్పదు. 2001 ఆగస్టులో మిన్నెసోటా జట్టు లైన్‌మన్ కోరీ స్ట్రింగర్ ఎండలో సాధన చేస్తూ వడదెబ్బతో మరణించాడు. వయసు 27, బరువు సుమారు 152 కిలోలు. జ్వరం 108 డిగ్రీలు దాటింది. అందులో స్టెరాయిడ్ ప్రసక్తి లేదు. భారీ శరీరం లోపలి వేడిని త్వరగా బయటికి పంపలేదు. మే నెల ఎండలు ఎరిగిన మన వాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

పదహారేళ్ల ఒంట్లో ఏమి జరుగుతుంది?

బయటి నుంచి టెస్టోస్టెరాన్ వస్తుంటే మెదడు, "ఇక చాలు" అని లోపలి కార్ఖానాను మూసేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. పెళ్లయ్యాక పిల్లలు లేరని వచ్చే యువకుల్లో ఈ ప్రశ్న కూడా మేము అడుగుతాము. మందులో కొంత భాగం ఒంట్లో ఆడ హార్మోనుగా మారి రొమ్ములు ఉబ్బుతాయి. ఇంకా పెరిగే వయసు పిల్లల్లో ఎముకల చివరలు ముందుగానే మూసుకుపోయి ఎత్తు ఆగిపోతుంది. పొడుగు కావాలనుకున్న పిల్లవాడు పొట్టిగా మిగిలిపోతాడు. మాత్రలతో కాలేయం దెబ్బతిని కామెర్లు రావచ్చు. ఒకే సూదిని పంచుకుంటే హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి.

మనసు సంగతి చాలామంది మరచిపోతారు. వాడేటప్పుడు చిరాకు, కోపం. ఆపినప్పుడు సొంత హార్మోను ఇంకా తిరిగి రాక తీవ్రమైన దిగులు. టెక్సాస్‌లోనే ప్లేనో పట్టణంలో టేలర్ హూటన్ అనే 17 ఏళ్ల బేస్‌బాల్ ఆటగాడు, ఒళ్లు పెంచుకోవాలన్న మాట విని స్టెరాయిడ్లు వాడి, మానిన తరువాత 2003 జులైలో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దిగులే కారణమని తల్లిదండ్రులు నమ్మి, అప్పటి నుంచి ఇతర కుటుంబాలను హెచ్చరిస్తున్నారు. టెక్సాస్ ప్రభుత్వం 2008లో హైస్కూలు ఆటగాళ్లకు పరీక్షలు మొదలుపెట్టింది. దొరికినవారు బహు కొద్దిమంది కావడంతో 2015లో ఆపేసింది. పరీక్ష ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడకుండా ఇంట్లోవాళ్లే గమనించాలి.

గమనించేది ఏమిటంటే, కొద్ది వారాల్లోనే ఒళ్లు విపరీతంగా పెరగడం, వీపు నిండా భుజాల నిండా పెద్ద మొటిమలు, కారణం లేని కోపం, గదిలో సూదులు, ఎక్కడికి పోతోందో తెలియని డబ్బు. కనిపిస్తే కొట్టవద్దు, మందును చెత్తబుట్టలో పారేసి ఊరుకోవద్దు. వైద్యుని దగ్గరకు తీసుకురండి. ఆపిన తరువాతి నెలల్లోనే పిల్లవాడికి మీ తోడు ఎక్కువ కావాలి.

ఇది అమెరికాకే పరిమితం అనుకోకండి. మన ఊళ్లలో జిమ్‌కు వెళ్లే యౌవనస్థులకూ ఈ ఇంజెక్షన్లు చేతికి అందుతున్నాయి. హైదరాబాదులో ఇటీవలి సంవత్సరాల్లో మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ యువకులకు అమ్ముతున్నవారిని అధికారులు పట్టుకున్నారు. అది స్టెరాయిడ్ కాదు. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే మత్తు డాక్టర్లు వాడే మందు. ఆరోగ్యవంతుడికి ఎక్కిస్తే బీపీ, గుండె దడ ఎగబాకుతాయి. లేబుల్ లేని డబ్బాలో "పౌడరు" అని ఎవరైనా ఇస్తే, అందులో ఏముందో ఇచ్చినవాడికి కూడా తెలియకపోవచ్చు.

మామ్మగారి కూతురికి ఒక చీటీ రాసి ఇచ్చాము. పదహారేళ్లవాడు గుడ్లు, పాలు, పప్పు, మాంసం బాగా తిని, నిద్రపోయి, పద్ధతిగా వ్యాయామం చేస్తే వారానికి అరకిలో వరకు పెరగడం సబబే. ఆ లెక్కన పదిహేను కిలోలకు ఏడు నెలలు పడుతుంది. అంతకంటే తొందర ఉన్న కోచ్‌ని, ఆ బరువు ఎందుకు కావాలో, దాన్ని ఎవరు పర్యవేక్షిస్తారో కూర్చోబెట్టి అడగమన్నాము. బాబు బీపీ చూపించి, కుటుంబంలో గుండెజబ్బులు ఉన్న సంగతి అక్కడి వైద్యునికి చెప్పమని కూడా రాశాము.

పోయిన నెల మామ్మగారు మళ్లీ వచ్చారు. పఫ్ మళ్లీ వాడుతున్నారు, పిల్లికూతలు తగ్గాయి. మనవడిని లైన్‌లో కాకుండా పరుగెత్తే చోట ఆడిస్తున్నారట, ఫోన్లో ఫోటో చూపించారు. "వాడికి అయిదు కిలోలు పెరిగితే చాలన్నారు డాక్టరు గారూ" అని సంతోషంగా చెప్పారు. బరువు చూసే మిషను ఎక్కమంటే మాత్రం, చెప్పులు విప్పడానికి ఆ రోజు కూడా చాలాసేపు తీసుకున్నారు.