పదకొండేళ్ళ కొత్తోడు

పోయిన నెల మా చాల్‌లో ఉండే పిల్లగాడొకడు ఒక ఫారం పట్టుకొని వచ్చిండు. పిల్లగాడంటే ఇప్పుడు వాడికి ముప్పయి నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తండ్రి. లోకల్ రైలు డబ్బాలు కడిగే పని, ఎప్పుడూ రాత్రి పాలీ. "కాకా, ఇది జర చూడు. రేపటికల్లా సంతకం పెట్టి ఇయ్యమంటున్నరు" అన్నడు. ఫారం మరాఠీలో ఉంది. నేను చదివింది మునిసిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి వరకే గాని, మిల్లు గేటు మీద నోటీసులు చదివీ చదివీ మరాఠీ వచ్చింది. పేరు, ఆధార్ నంబరు, ఫోటో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పనిలో చేరిన తేదీ అన్న చోట మాత్రం ఆ వారం సోమవారం తేదీ కొట్టి ఉంది.

వాడు అదే కార్‌షెడ్‌లో అదే పని పదకొండేళ్ళ నుంచి చేస్తున్నడు.

సంగతేమంటే ఠేకా మారింది. పాత ఠేకేదారు గడువు అయిపోయింది, టెండరు ఇంకొకరికి పోయింది. మనుషులు వాళ్ళే, బకెట్లు అవే, చొక్కా మీద కంపెనీ పేరు ఒక్కటే వేరే. పేరు మారింది కాబట్టి అందరూ కొత్తోళ్ళే. ఇట్లా కావడం వాడికి ఇది నాలుగోసారి. 1972 గ్రాట్యుటీ చట్టం ఒక యజమాని దగ్గర ఐదేళ్ళ నౌకరీ అడిగేది. మూడేళ్ళకొక యజమాని మారేటోడికి ఐదేళ్ళు ఎప్పుడు నిండాలె?

మిల్లు ఇండ్లలో పుట్టినోళ్ళకు బద్లీ అంటే చెప్పనక్కర లేదు. పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. నేను 1976లో బద్లీ కార్డుతో సాంచా ఖాతాలో చేరాను. పొద్దున ఏడు గంటల భోంగా కంటే ముందే డబ్బా కట్టుకొని గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంట్ మనిషి ఎవడైనా రాకపోతే జాబర్ లోపలికి పిలుస్తాడు. లేకపోతే డబ్బా అట్లనే ఇంటికి. జాబర్ తమ్ముడి పెళ్ళికి నేను ఎన్ని బిందెలు నీళ్ళు మోసానో ఆ దేవుడికి తెలుసు. అయినా ఒక మాట చెప్పుకోవాలి. ఆ కార్డు మీద మిల్లు పేరే ఉండేది. ఎన్ని రోజులు పని చేశామో మిల్లు పుస్తకంలోనే ఎక్కేది. నాలుగేళ్ళకు నన్ను పర్మనెంట్ చేసినప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యం చెప్పింది. ఈ పిల్లగాడికి సాక్ష్యం చెప్పే పుస్తకమే లేదు.

బొంబాయిలో కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న మొదలైంది. కరోనాకు ముందు రోజుకు డెబ్బయి ఐదు లక్షల మంది లోకల్‌లో తిరిగేవాళ్ళు. ఇప్పటికీ మోటర్‌మన్, గార్డు, స్టేషన్ మాస్టర్, సిగ్నల్ చూసేవాళ్ళు రైల్వే మనుషులే. గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు, పేరు పెద్దదైంది. వాళ్ళ చుట్టూ ఉన్న పని మాత్రం మెల్లమెల్లగా బయటికి పోయింది. ఊడ్చేది, కడిగేది ఠేకా. టికెట్టు మిషను పక్కన నిలబడి మనకు టికెట్టు తీసిచ్చేది కమిషన్ మీద బతికే రిటైరైన మనిషి. స్టేషన్ బయట దుకాణంలో టికెట్టు అమ్మేది ప్రైవేటు మనిషి, మీద రూపాయో రెండో తీసుకుంటడు. 2014 నుంచి టికెట్టు ఫోన్‌లోనే దొరుకుతున్నది. ఎవరినీ నౌకరీలోంచి తీసెయ్యలేదు అంటారు. నిజమే, తీసెయ్యలేదు. రిటైరైన మనిషి జాగాలో ఇంకొకరిని పెట్టకపోతే చాలు కదా. మిల్లుల్లో కూడా మొదట అట్లనే చేశారు.

ఇక మోనో రైలు సంగతి. ఇది మన లోయర్ పరేల్, సాత్ రస్తా వాళ్ళందరూ కళ్ళారా చూసిందే. మిల్లు పొగగొట్టాలు ఉండే చోట ఇప్పుడు అద్దాల మేడలు, వాటి మధ్యలో సిమెంటు దూలం మీద ఈ రైలు. చెంబూరు నుంచి వడాలా దాకా 2014 ఫిబ్రవరిలో మొదలైంది. కట్టింది ఎల్‌అండ్‌టీ, మలేసియాకు చెందిన స్కోమి కలిసి. నడిపే పని కూడా ఎమ్మెమ్మార్‌డీఏ వాళ్ళకే అప్పజెప్పింది. 2017 నవంబరు 9న తెల్లవారుజామున మైసూర్ కాలనీ దగ్గర ఖాళీ రైలు రెండు డబ్బాలు కాలిపోయాయి. జనం లేరు, అదొక్కటే అదృష్టం. మళ్ళీ రైలు కదలటానికి 2018 సెప్టెంబరు 1 దాకా పట్టింది. ఆ డిసెంబరులోనే ఎమ్మెమ్మార్‌డీఏ ఠేకా రద్దు చేసి రైలును తన చేతిలోకి తీసుకుంది. సాత్ రస్తా దాకా మిగిలిన ముక్కను 2019 మార్చిలో మొదలుపెట్టింది.

అసలు కష్టం అక్కడ మొదలైంది. రైలు చేతికొచ్చింది గాని, విడి సామాను చేసిచ్చే కంపెనీ చేతిలోంచి పోయింది. ఒక రైలు విప్పి ఆ సామానుతో ఇంకో రైలు నడిపే రోజులు వచ్చాయి. నా ఖాతాలో ఒక ముసలి ఫిట్టర్ ఉండేవాడు. సాంచా చప్పుడు విని ఏ పళ్ళచక్రం అరిగిందో చెప్పేవాడు. ఆయన పోయినాక ఆ చప్పుడు మాకందరికీ వినబడుతూనే ఉంది, అర్థం మాత్రం కాలేదు. పని బయటికి ఇచ్చినప్పుడు పగార్ ఖర్చు ఎంత తగ్గిందో లెక్క రాస్తారు. ఆ చెవి పోయినందుకు లెక్క ఏ పుస్తకంలో రాస్తారు?

2025 ఆగస్టు 19 వాన మీకు గుర్తుండే ఉంటది. హార్బర్ లోకల్ ఆగిపోతే జనమంతా మోనో మీద పడ్డారు. 104 టన్నులు మోయాల్సిన రైలు మీద 109 టన్నుల బరువు పడింది. మైసూర్ కాలనీకి, భక్తి పార్కుకు నడుమ గాలిలోనే నిలిచిపోయింది. ఏసీ బంద్, దీపాలు బంద్. ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు నిచ్చెనలేసి అయిదు వందల ఎనభై మంది పైన దింపారు. ఆ సమయానికి రైలు నడిపేది సర్కారు సంస్థే కదా అంటారు కొందరు. అవును. కానీ ఎన్నేళ్ళు ఇంకొకరి చేతిలో ఉంచిన పని ఒక్క సంతకంతో తిరిగి రాదు. నిండిన రైలు తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఇక చాలు అనే మనిషి ఉండాలి, వాడికి ఆ హక్కూ ఉండాలి. సెప్టెంబరు 20 నుంచి మోనోను బంద్ పెట్టి కొత్త రైళ్ళకు సిద్ధం చేస్తున్నారు. ఆ కొత్త రైళ్ళలో మన హైదరాబాదు మేధా కంపెనీ చెయ్యి ఉందని చదివి సంతోషపడ్డాను, దాచుకోవడమెందుకు.

హైదరాబాదు అంటే గుర్తొచ్చింది. అక్కడి మెట్రో 2017 నవంబరులో మొదలైంది. సొంతదారు ఎల్‌అండ్‌టీ, నడిపేది ఫ్రాన్సు కియోలిస్, టికెట్లు ఇచ్చే పిల్లలు ఇంకో ఏజెన్సీ కింద. 2023 జనవరి మొదట్లో ఆ పిల్లలు పని ఆపి కూర్చున్నారు. పగార్ పదకొండు వేలు, ఐదేళ్ళ నుంచి పెరగలేదని వాళ్ళ మొర. ఎవరిని అడగాలె? ఒకరి వెనుక ఒకరు, ముగ్గురు యజమానులు. 2025 సెప్టెంబరులో ఎల్‌అండ్‌టీ తప్పుకోవటానికి, తెలంగాణ సర్కారు మెట్రోను తీసుకోవటానికి మాట కుదిరింది. అప్పులెన్ని, వాటా ఎంత అని పేపర్లు బాగానే రాశాయి. టికెట్టు పిల్లల సర్వీసు ఎవరి లెక్కలో పడుతుందో నేను చదివిన పేపర్లో కనపడలేదు.

సాంచాలు, రైళ్ళు మనకు నేర్పిన ఇంగ్లండులో కూడా ఈ పాఠం జరిగింది. వాళ్ళు పట్టాల మరమ్మతును ఠేకేదార్లకు ఇచ్చారు. 2000 అక్టోబరు 17న హాట్‌ఫీల్డ్ దగ్గర పట్టా ముక్కలై రైలు పడి నలుగురు చనిపోయారు. ఆ పట్టా చెడిందని ముందే తెలుసు. మార్చాల్సిన కొత్త పట్టా తెచ్చి పక్కనే పడేసి ఉంచారు, వెయ్యలేదు. దేశంలో ఇంకెక్కడ పట్టాలు చెడ్డాయో సరిగ్గా తెలియక వెయ్యికి పైగా చోట్ల రైళ్ళ స్పీడు తగ్గించారు. 2004 కల్లా మరమ్మతు పని మళ్ళీ సంస్థ సొంత మనుషుల చేతికి వచ్చింది.

సర్కారు వాళ్ళ మాట కూడా వినాలి. పెన్షన్ బరువు, టికెట్టు ధర పెంచితే జనం గొడవ, పైసలు ఎక్కడి నుంచి తేవాలి అంటారు. డబ్బాలు మునుపటి కంటే శుభ్రంగా ఉన్నమాట నిజమే, నేను కాదనను. కడిగేది మా చాల్ పిల్లగాడే కదా.

ఆ రాత్రి నా మనవరాలు ఫోన్‌లో వాడి పీఎఫ్ పాస్‌బుక్ తీసింది. నాలుగు కంపెనీల పేర్లు వరుసగా కనబడ్డాయి. మూడో కంపెనీ కాలంలో పద్నాలుగు నెలలు ఒక్క పైసా జమ లేదు. వాడి పగార్‌లో మాత్రం నెలనెలా కోసుకున్నారు, ఆ చిట్టీలు వాళ్ళమ్మ బియ్యం డబ్బాలో దాచిపెట్టింది. ఠేకేదారు ఎగ్గొడితే పెద్ద యజమాని కట్టాలన్నది 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉన్న మాట. కాబట్టి రెండు కాగితాలు రాయించాము, ఒకటి పీఎఫ్ ఆఫీసుకు, ఒకటి పెద్ద యజమానికి. చిట్టీల జెరాక్సులు జతచేశాము. కొత్త ఫారం మీద వాడు సంతకం పెట్టక తప్పలేదు, పెట్టకపోతే సోమవారం నుంచి పని లేదు. చేరిన తేదీ కింద మాత్రం పెన్నుతో "2014 నుంచి ఇక్కడే" అని రాసి ఇచ్చిండు. సూపర్‌వైజర్ చూసి ఏమీ అనలేదట. పీఎఫ్ ఆఫీసు నుంచి రసీదు నంబరు వచ్చింది. రెండో కాగితానికి జవాబు ఇంకా రాలేదు.