మెట్టసీమలో మన్యపు మొక్క

పువ్వు పూయక, కాయ కాయక, విత్తనమన్నది లేకయే వంశమును నిలుపుకొను మొక్కలలో ఫెర్న్ జాతి ముఖ్యమైనది. నూతి ఒరలపైనను, పాతగోడల పగుళ్లలోను కనిపించు చిరుమొక్కలే ఫెర్నులని చాలమంది తలంతురు. కాని తాటిచెట్టువలె నిటారుగా లేచి, రెండు మూడు మీటర్ల ఆకులను గొడుగువలె విప్పు ఫెర్న్ వృక్షములును కలవు. శాస్త్రజ్ఞులు సయాథియా జైగాంటియా అని పిలుచు జాతి విశాఖ మన్యమున, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అనంతగిరి కొండలలో పెరుగుచున్నది.

దానిని ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెము వంటి మెట్టప్రాంతమున పెంచవచ్చునా? పెంచవచ్చును, అయితే మొదట నీరు పోసినంత మాత్రమున అది బ్రతుకదు. ఈ మొక్కకు నేలతడి ఎంత అవసరమో గాలిలోని తడియు అంత అవసరము. కొల్లేటి సీమలో గాలికి తేమ ఉన్నది గాని, బంకనేలలో నీరు నిలిచి వేళ్లు కుళ్లును. మెట్టలోని ఎర్రగరపనేలలో నీరు చక్కగా ఇంకును గాని, వేసవి వడగాలి ఆకును మాడ్చును. రెండు మేళ్లును ఒక్కచోట కూడియున్నది మన్యపు లోయలలోనే. కనుక పెంచువాడు ఆ కొండవాగు ఒడ్డును తన పెరటిలో కొంతయైనను కల్పింపవలెను.

గాలి మహిమను 1829లో లండను వైద్యుడు నథానియేల్ వార్డ్ కనుగొనెను. పొగ నిండిన ఆ నగరమున ఆయన పెంచిన ఫెర్నులు చచ్చుచుండగా, మూసిన సీసాలోని తడిమట్టిలో ఒక ఫెర్న్ తనంతట మొలిచి పచ్చగా నిలిచెను.

ఫెర్న్ మానులో కలప లేదు. నడుమనున్న కాండమును వేళ్లు నల్లని పీచువలె దట్టముగా అల్లుకొని నిలుపును. అందుచేత మాను పొడవునను నీరు చిలుకరింపవలెను. వేసవిలో తడిగోనె చుట్టుట మేలు. పెరుగుదలయంతయు కొనయందే. తొండమువలె చుట్టుకొన్న లేతాకులు అచ్చటనే పుట్టి మెల్లగా విప్పారును. మొవ్వు చెడిన కొబ్బరిచెట్టు ఎట్లు దక్కదో, కొన విరిగిన ఈ వృక్షమును సాధారణముగా అట్లే దక్కదు.

కొబ్బరి, కోకో తోటల నీడ దీనికి అనుకూలము. పడమటిగాలికి చాటు ఉండవలెను. ఎర్రమట్టిలో ఆకుమన్ను, కొబ్బరిపొట్టు, బాగుగా మాగిన పశువుల ఎరువు కొలదిగా కలిపి నాటి, మొదట ఎండుటాకులు పరువవలెను. ఘాటైన రసాయనపు ఎరువులు వేళ్లను మాడ్చును.

మొక్క ఎక్కడిది అన్నది అసలు ప్రశ్న. అడవినుండి పెకలించి తెచ్చుట తగదు. ఆర్కిడ్ పూలమొక్కలను పెంచుటకై ఈ మానుల పీచును కోయుటవలన అనేక దేశములలో ఇవి క్షీణించినవి. సయాథియా జాతుల అంతర్జాతీయ వ్యాపారము సైటీస్ ఒడంబడిక నియంత్రణకు లోబడియున్నది.

సరియైన మార్గము సిద్ధబీజములు. పెంపుడు మొక్క ఆకు అడుగున గోధుమవన్నె చుక్కలు పండినపుడు, ఆకుతుంటను కాగితముపై ఒకటి రెండు దినములు ఆరనిచ్చిన సన్నని పొడి రాలును. మరిగిన నీరు పోసి చల్లార్చిన ఆకుమన్నుపై దానిని పలుచగా చల్లవలెను. పైన మట్టి కప్పరాదు. గాజుమూత పెట్టి, ఎండ తగులని వెలుతురులో ఉంచిన, కొన్ని వారములకు పచ్చనిపొర తేలును. పిదప గోరంతయైన లేని హృదయాకారపు రేకులు కనిపించును. వీనికే ప్రోథాలస్ అని పేరు. వానిలోని పురుషకణములు నీటిపొరలో ఈది స్త్రీకణమును చేరిననే అసలు ఫెర్న్ పుట్టును. కావున అప్పుడు నీటితుంపర తప్పనిసరి. ఒక తరము రేకు, మరియొక తరము మాను! ఈ తరముల మార్పిడిని జర్మను శాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ 1851లో ప్రకటించిన గ్రంథమున విశదపరచెను.

రేకునుండి మాను లేచుటకు ఏండ్లు పట్టును. అయినను పాఠశాలలో ఈ ప్రయత్నమునకు వానకాలమున ఒక గాజుపాత్ర, పిడికెడు ఆకుమన్ను చాలును. వృక్షజాతి పొడి దొరకనిచోట నూతిఒరపై ఫెర్న్ ఆకుతోనే మొదలిడవచ్చును. జీవితక్రమము రెండింటికిని ఒక్కటే. పుస్తకమున బొమ్మగా చూచిన ప్రోథాలస్‌ను విద్యార్థి తన చేతితో మొలిపించి చూచిన నాడు, ఒక ఫెర్న్ మానును నరికిన ఎన్ని ఏండ్ల పెంపు నశించునో వానికి వేరుగ చెప్పనక్కరలేదు.