చెరువు నీటిలో ఆక్సిజన్: బైకాల్ సరస్సుతో ఒక పోలిక

ఎండాకాలం తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుండటం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల వారిలో చాలామంది చూసే ఉంటారు. కొన్నిసార్లు పొద్దెక్కేసరికి అవి చచ్చి తేలుతాయి. ఎవరో మందు కలిపారని ఊరు అనుమానిస్తుంది. అది నిజమైన సందర్భాలూ ఉండవచ్చు గానీ, నీటిలో ఆక్సిజన్ తరిగిపోవడం కూడా ఇందుకు సాధారణ కారణమే. ఇది తెలియాలంటే, ఆక్సిజన్‌కు లోటు లేని ఒక సరస్సును ముందుగా పరిశీలించండి.

రష్యాలోని దక్షిణ సైబీరియాలో ఉన్న బైకాల్ ప్రపంచంలో అత్యంత లోతైన సరస్సు. దాని గరిష్ఠ లోతు 1,642 మీటర్లు. నీటి సాంద్రత 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యధికం. అందుకే మంచు పైన తేలుతుంది, దాని కింద జీవులు బతుకుతాయి. చలిదేశపు సరస్సుల్లో వసంత, శరదృతువుల్లో పై నీరు 4 డిగ్రీలకు చేరినప్పుడు బరువెక్కి కిందికి దిగుతుంది, కింది నీరు పైకి వస్తుంది. బైకాల్‌లో ఈ కలయిక పై కొన్ని వందల మీటర్లకే పరిమితం. అయినా గాలుల ఒత్తిడికి చల్లని నీరు ఇంకా లోతుకు దిగుతుంది కాబట్టి అడుగు వరకు ఆక్సిజన్ అందుతుంది. పోషకాలు తక్కువ కనుక శైవలాలు విపరీతంగా పెరగవు. పెరిగిన వాటిని ఎపిషురా అనే అతి చిన్న జంతు ప్లవకం వడకట్టి తింటుంది. దాన్ని గొలోమ్యాంక చేపలు, వాటిని నెర్పా అనే మంచినీటి సీల్ తింటాయి.

ఇప్పుడు మన చెరువుకు రండి. లోతు తక్కువ, నీరు వెచ్చన. 10 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది సుమారు 7.5 మాత్రమే. వరి, పసుపు చేలలోని ఎరువు వాన నీటితోనూ, ఊరి మురుగు కాలువలతోనూ ఫాస్ఫరస్, నత్రజని చేరితే నీరు ఆకుపచ్చగా మారుతుంది. దీన్నే యూట్రోఫికేషన్ అంటారు. పగలు ఈ శైవలాలు ఆక్సిజన్ విడుదల చేస్తాయి. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు, శ్వాసక్రియ మాత్రం ఆగదు. అడుగున కుళ్లుతున్న పదార్థం మీద బ్యాక్టీరియా కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటుంది. అందువల్ల సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ కనిష్ఠానికి పడిపోతుంది. మబ్బు పట్టిన రోజు తర్వాత గాలి లేని రాత్రి వస్తే ప్రమాదం మరీ ఎక్కువ. బొచ్చె, రవ్వు ముందుగా చస్తాయి. గాలిని నేరుగా పీల్చగల కొర్రమట్ట తట్టుకుంటుంది. చెరువులో చచ్చినవి ఏ చేపలో చూస్తే కారణం సగం తెలిసిపోతుందనడం అతిశయోక్తి కాదు.

బైకాల్ కూడా దీనికి పూర్తిగా అతీతం కాదు. 2010 తర్వాత తీరం వెంబడి మురుగు చేరే చోట్ల స్పైరోగైరా మందంగా పెరుగుతున్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు. నడి సరస్సు ఇంకా తేటగానే ఉన్నా, తీరం ముందే దెబ్బతింది.

కృత్యం: మీ ఊరి చెరువు వద్ద ఒకే చోట తెల్లవారుజామున, మధ్యాహ్నం నీటి ఉష్ణోగ్రత, రంగు నమోదు చేయండి. వారం పాటు కొనసాగించి, ఏ రోజున చేపలకు ముప్పు ఎక్కువో కారణాలతో రాయండి.