గుండ్రటి వస్తువుకు రంధ్రమా? ముందు వేళ్లు తీయండి!

కొబ్బరి చిప్ప లైటు, కుంకుడు గింజల బ్రేస్‌లెట్, పీవీసీ పైపు లాంప్... ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి వీడియోలు వరసగా వచ్చేస్తుంటాయి. చూస్తే మనకీ చేతులు దురదపెడతాయి. అయితే వాటిలో చాలావాటిలో ఒకటి గమనించారా? ఎడమచేతి రెండు వేళ్ల మధ్య గింజ, కుడిచేతిలో డ్రిల్. ఆ వేళ్లకీ తిరిగే బిట్‌కీ మధ్య అర సెంటీమీటరు కూడా ఉండదు!

నేనూ ఇంట్లో కుంకుడు గింజలతో పూసలు, చెక్క బంతులతో కీ చైన్లు చేస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నన్ను ముందు అడిగేది ‘ఏ డ్రిల్ కొనాలి?’ అని. ‘వస్తువుని దేంతో పట్టుకోవాలి?’ అని మాత్రం ఎవరూ అడగరు. వేళ్లు తెగేది, గింజ ఎగిరి కంట్లో పడేది అక్కడే మరి.

ఎందుకు తిరుగుతుంది?

చదునైన చెక్కముక్క టేబుల్ మీద మొత్తం ఆనుకుని ఉంటుంది. బంతి ఒక్క చుక్క దగ్గరే ఆనుతుంది. పైపైతే ఒక్క గీత వెంబడి. కాబట్టి బిట్ ఏ కాస్త పక్కకి నెట్టినా దొర్లిపోతుంది. దానికి తోడు నున్నటి వంపు మీద బిట్ మొన నిలవదు, జారుతుంది.

అసలు గండం చివర్లో ఉంటుంది. బిట్ అవతలివైపు బయటపడబోయేటప్పుడు మిగిలేది పలుచటి పొరే. బిట్ అంచులు దాన్ని ఒక్కసారిగా కొరికి పట్టేస్తాయి. అప్పటిదాకా బుద్ధిగా ఉన్న వస్తువు గిర్రున తిరుగుతుంది. డ్రిల్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోందనుకున్నా సెకనుకు 16 చుట్లు పైనే. చెయ్యి వెనక్కి లాక్కునే టైమ్ ఎక్కడిది?

పోనీ ప్లయర్‌తో పట్టుకుంటే? దాని దవడలు కూడా బంతిని రెండు చుక్కల దగ్గరే పట్టుకుంటాయి. వాటి మధ్య బంతి తిరగనన్నా తిరుగుతుంది, బుల్లెట్‌లా ఎగిరిపోనన్నా పోతుంది.

ఏటికొప్పాక బొమ్మలు చూసే ఉంటారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన లక్కబొమ్మలవి. అక్కడ అంకుడు కర్రని లేత్‌కి బిగించి తిప్పుతారు. కళాకారుడు ఉలినీ లక్కనీ పట్టుకుంటాడు తప్ప తిరిగే కర్రని కాదు. మనం పాటించాల్సిందీ అదే.

గింజలకి రెండు చెక్కల పట్టు

నేను వాడే పద్ధతి ఇది. ఖర్చు తక్కువ.

• జానెడు పొడవున్న 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు తీసుకోండి. ఒకదానిమీద ఒకటి పెట్టి బిగించి, రెండిట్లోంచీ ఒకేసారి రంధ్రం వేయండి. అప్పుడే రెండు రంధ్రాలూ ఒకే వరసలోకి వస్తాయి.

• ఆ రంధ్రం గింజ కన్నా చిన్నదిగా ఉండాలి. 12 మి.మీ. గింజకైతే 8 మి.మీ. సరిపోతుంది. ఇప్పుడు గింజ ఒక్క చుక్క మీద కాకుండా గుండ్రటి అంచంతా ఆనుకుని కూర్చుంటుంది.

• రెండు చెక్కల మధ్య గింజని పెట్టి, అటూ ఇటూ బోల్టులు వేసి, చేత్తో తిప్పే రెక్కల నట్లతో బిగించండి. ఈ మొత్తాన్ని సి-క్లాంప్‌తో టేబుల్ అంచుకి పట్టించండి. రంధ్రం కింద ఖాళీ ఉండేలా చూసుకుంటే బిట్ టేబుల్‌కి తగలదు.

• పైరంధ్రంలోంచి గింజ నడిమధ్యన సూదిమొనతో చిన్న గుంట చేయండి. బిట్ జారకుండా అక్కడే నిలుస్తుంది. 2 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి, కాస్త లోపలికి వెళ్లగానే బయటికి తీసి పొడి రాలనిచ్చి, మళ్లీ దించండి.

• సగం దాటాక డ్రిల్ ఆపి, క్లాంప్ తీసి, చెక్కల్ని అలాగే తిరగేసి మళ్లీ బిగించండి. నట్లు విప్పొద్దు. రెండోవైపు నుంచి వేస్తే రంధ్రాలు మధ్యలో కలుస్తాయి. గింజ అంచు పెచ్చులూడదు.

చెక్క బంతులకీ ఇదే పద్ధతి. బంతి పెద్దదైతే రంధ్రం కూడా ఆ లెక్కన పెంచుకోవాలి.

పైపులకీ, వెదురుకీ గాడి

వర్క్‌షాపుల్లో పైపుల కోసం ‘వి’ ఆకారపు ఇనుప దిమ్మెలు ఉంటాయి. ఇంట్లో అంత అక్కర్లేదు. ఒక చెక్క మీద రెండు బద్దల్ని సమాంతరంగా మేకులు కొట్టి బిగించండి. 40 మి.మీ. పైపుకైతే మధ్యలో 25 మి.మీ. సందు చాలు. పైపు అందులో రెండు గీతల మీద కూర్చుంటుంది, దొర్లదు. పైనుంచి క్లాంప్ వేయండి. పీవీసీ నొక్కుకుపోకుండా లోపల సరిపడే కర్ర దూర్చాలి.

రంధ్రం సరిగ్గా నడినెత్తిన పడుతుందా? దీనికో కిటుకు ఉంది. పైపు మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి, డ్రిల్ ఆపి ఉంచే, బిట్ మొనతో మెల్లగా తాకండి. స్కేలు ఒకవైపు వాలితే మీరు మధ్యలో లేనట్టే. స్టాండుకి బిగించిన డ్రిల్ ఉంటే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

కొబ్బరి చిప్పకైతే మూతి కింద రబ్బరు మ్యాట్ వేసి బోర్లించండి. పెద్ద రంధ్రమున్న చెక్కని నెత్తిమీద ఉంగరంలా పెట్టి, రెండువైపులా టేబుల్‌కి బిగించండి. పక్కల్లో చిన్న రంధ్రాలకి కరెంటు డ్రిల్ వద్దు, చేత్తో తిప్పేది చాలు. చిప్ప పొడి సన్నగా లేస్తుంది కాబట్టి మాస్క్ తప్పనిసరి.

వీటి జోలికి వెళ్లొద్దు

గురివింద గింజలు: ఎరుపూ నలుపూ కలిసి ముద్దొచ్చేలా ఉంటాయి. గురివింద తన నలుపెరగదంటారు కానీ దాని విషం సంగతి మనలో చాలామందికి తెలీదు. లోపల ‘అబ్రిన్’ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. గట్టి పైపొరే దానికి మూత. రంధ్రం వేస్తే ఆ మూత మనమే తీసినట్టు. ఆ పొడి ముక్కులోకి, నోట్లోకి పోకూడదు.

టేబుల్ టెన్నిస్ బంతులు: కాల్చిన సూదితో గుచ్చొద్దు. పాత బంతులు సెల్యులాయిడ్‌వి, భగ్గున అంటుకుంటాయి. చల్లటి సూదితోనే గుచ్చండి.

బేరింగ్ బాల్స్: గట్టిపరిచిన ఉక్కు. మామూలు బిట్ దిగదు, మొన అరిగిపోతుంది, విరిగిపోవచ్చు కూడా.

గోళీలు: గాజుకి డైమండ్ బిట్, నీటి తడి, తక్కువ వేగం కావాలి. నీళ్ల దగ్గర ప్లగ్గుకి పెట్టే డ్రిల్ అసలే వద్దు. నేనైతే రాగితీగని గూడులా అల్లి గోళీని అందులో కూర్చోబెడతాను. రంధ్రంతో పనే లేదు!

స్విచ్ వేసే ముందు

గ్లౌజులు వేసుకుంటే సేఫ్ అనుకుంటాం. తిరిగే బిట్ దగ్గర అవే ప్రమాదం. దారం పోగు చిక్కుకున్నా చెయ్యి మొత్తాన్ని లాగేస్తుంది. చున్నీ, వదులు చేతుల చొక్కా, మణికట్టుకి కట్టుకున్న దారాలు, కడియం, మెడలోని ఐడీ కార్డు, ఇయర్‌ఫోన్ వైరు... అన్నీ పక్కన పెట్టేయండి. జుట్టు ముడేసుకోండి. కళ్లజోడు ఉన్నా పైన సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకోండి. బిట్ మార్చేటప్పుడు ప్లగ్ తీసేయండి, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయండి. చిన్న పిల్లలు చుట్టూ మూగితే పని ఆపండి.

బిగించాక గింజని వేలితో గట్టిగా తోసి చూడండి. కాస్త కదిలినా నట్లు మళ్లీ బిగించాల్సిందే. ఈ పట్టు చేసుకోవడానికి ఓ సాయంత్రం పడుతుంది. ఆ తర్వాత వంద పూసలకైనా అదే పనికొస్తుంది. ఈ ఆదివారం రెండు ప్లైవుడ్ ముక్కలతో మొదలుపెట్టండి. డ్రిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.